ఆ ఫొటో ఆమెకు చూపించారా?

సహాయ శిబిరాలకు వెళ్లే విలేకరులకు ఈ దృశ్యం కొత్త కాదు. వరుసలో నిలబడిన తల్లి చేతికి మూట అందుతుంది. ఆమె పక్కకు జరగబోతుండగా, "ఫొటో సరిగా రాలేదమ్మా, మళ్ళీ ఒకసారి పట్టుకో, ఇటు చూడు" అంటారు. ఆమె మళ్ళీ పట్టుకుంటుంది. వద్దంటే మూట వెనక్కి తీసుకుంటారేమోనని ఆమె భయం. దాన్ని అంగీకారం అనలేం.

మూట ఇచ్చిన స్వచ్ఛంద సంస్థవాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు. మందులు కొనాలి, జీతాలివ్వాలి, వచ్చే నెల గడవాలి అన్న టెన్షన్ వాళ్లది. ఏడుస్తున్న పిల్ల ఫొటో పెడితేనే విరాళాలు వస్తాయన్న నమ్మకం ఈ రంగంలో పాతుకుపోయింది. దానితో వచ్చే నష్టం ఏ లెక్కల పుస్తకంలోనూ కనిపించదు. ఆ పిల్ల పెద్దదై ఏదో ఒకరోజు తన ఫొటో తానే చూసుకుంటుంది. అప్పుడు ఏమనుకుంటుందన్నది విరాళం అడిగేవాళ్లు ముందే ఆలోచించాలి. రెడ్‌క్రాస్ ఉద్యమం, ఇతర స్వచ్ఛంద సంస్థలు కలిసి 1994లో రాసుకున్న ప్రవర్తనా నియమావళిలో పదో సూత్రం సరిగ్గా ఇదే. విపత్తు బాధితులను ప్రచారంలో దిక్కులేనివాళ్లుగా కాక, గౌరవం గల మనుషులుగా చూపాలని అది చెబుతుంది. రాసుకుని 30 ఏళ్లు దాటింది.

డబ్బు విషయంలోనూ ఇంతే నిజాయితీ కావాలి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చాక ప్రపంచమంతటి నుంచీ విరాళాలు వెల్లువెత్తాయి. యుద్ధాలు, విపత్తుల్లో వైద్యం అందించే డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ సంస్థ కొద్ది రోజులకే, సునామీ పనికి సరిపడా డబ్బు వచ్చింది, ఇక ఆ పేరుతో పంపకండి అని ప్రకటించింది. మిగిలిన సొమ్మును వేరే చోట్ల వాడుకోవచ్చా అని దాతలనే అడిగింది. అత్యధికులు సరేనన్నారు. వస్తున్న డబ్బును చాలు అనడానికి ఎంత గుండె ధైర్యం కావాలో ఏ సంస్థ కోశాధికారినైనా అడగండి.

2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికన్ రెడ్‌క్రాస్ ఇందుకు విరుద్ధంగా నడిచింది. బాధితుల కోసమని జనం ఇచ్చిన సొమ్ములో కొంత భాగాన్ని ముందు ముందు అవసరాలకు దాచిపెట్టాలనుకుంది. ఆ అవసరాలు నిజమైనవే కావచ్చు. కానీ దాతలను అడగలేదు. ఆగ్రహం వెల్లువెత్తింది, సంస్థ వెనక్కి తగ్గింది. మొత్తం సొమ్ము బాధితులకే ఇస్తామని నవంబరులో ప్రకటించింది.

"మీరిచ్చే ప్రతి పైసా నేరుగా పేదలకే" అన్న మాట కూడా మా పత్రికకు ఇబ్బందిగానే ఉంటుంది. లెక్కలు రాసేవాళ్లు, ఆడిట్, శిక్షణ లేకుండా మంచి పని సాగదు. ఆ ఖర్చు ఇంకెవరో భరిస్తుంటే ఆ మాట కూడా చెప్పాలి. దాతలూ కాస్త మారాలి. ఆఫీసు ఖర్చు శాతం ఒక్కటే చూసి సంస్థను అంచనా వేయొద్దని, చారిటీ నావిగేటర్ సహా సంస్థల పనితీరును పరిశీలించే మూడు అమెరికా సంస్థలు 2013లో దాతలకు బహిరంగ లేఖ రాశాయి.

నిధులు ఎక్కడి నుంచి వస్తున్నాయన్నది వీటన్నిటికీ మూలం. ఒకే పెద్ద దాత మీద బతికే సంస్థ, కాలక్రమంలో ఆ దాతకు నచ్చే పనే చేస్తుంది, ఆ దాతకు నచ్చే మాటే మాట్లాడుతుంది. ఇందాక చెప్పుకున్న డాక్టర్ల సంస్థే, శరణార్థుల విషయంలో యూరోపియన్ యూనియన్ విధానానికి నిరసనగా 2016లో ఆ కూటమి నుంచీ, దాని సభ్య దేశాల నుంచీ నిధులు తీసుకోబోనని చెప్పింది. దాని ఖజానాలో అత్యధిక భాగం లక్షలాది మామూలు మనుషులు ఇచ్చినది కాబట్టే అలా చెప్పగలిగింది. చిన్న మొత్తాలు కూడబెట్టడం కష్టం, ఏళ్లు పడుతుంది. అయినా ఆ దారే మేలని మా అభిప్రాయం.

మా తప్పూ ఉంది. సంస్థలు పంపిన ఫొటోలను అడగకుండా, ఆలోచించకుండా పత్రికలమే అచ్చు వేశాం. అందులో ఉన్న మనిషికి ఈ ఫొటో చూపించారా, ఎక్కడ వస్తుందో ఆమెకు అర్థమయ్యే భాషలో చెప్పారా, వద్దన్నా సాయం ఆగదని చెప్పారా అని ఇకపై మేం ప్రతి సంస్థనూ అడుగుతాం. జవాబు రాని ఫొటో ఈ పేజీల్లో రాదు.