పంచముఖ ఫీడ్‌బ్యాక్ ఫారం గారికి

మహారాజశ్రీ ఫీడ్‌బ్యాక్ ఫారం గారి సముఖానికి, ఒక పేషెంటు తాలూకు మనిషి నమస్కరించి రాసుకునేది. ఉభయకుశలోపరి. కుశలం సంగతి మీరెలాగూ టిక్కు పెట్టించుకుంటారు కాబట్టి దాని జోలికి పోను.

పంచముఖ ఆంజనేయస్వామి ముఖాలు అయిదూ అయిదు దిక్కులు చూస్తాయి. మీ ముఖాలు అయిదూ పేషెంటు వైపే చూస్తాయి. ఎడమ చివర ఏడుపు, కుడి చివర చెవులదాకా సాగిన నవ్వు. మనం కలుసుకున్నది డిశ్చార్జి రోజున, బిల్లింగ్ కౌంటర్ దగ్గర. "ఇది నింపి ఇస్తే ఫైలు ఇచ్చేస్తాం సార్" అందా అమ్మాయి. మా నాయనమ్మకు 78 ఏళ్ళు, పిత్తాశయంలో రాళ్ళకు ఆపరేషన్. మీరేమో నిలువెల్లా ఇంగ్లీషు. అందుకని నేను చదివాను, ఆవిడ చెప్పింది.

"నర్సులు ఎట్లా చూశారు నాయనమ్మా?"

"నవ్వే మొహం పెట్టు. పాపం ఆ పిల్ల ఎక్కడో కేరళ నుంచి వచ్చిందంట, అమ్మనీ నాన్ననీ వదిలేసి."

"డాక్టరు?"

"చెయ్యి పట్టుకుని 'ఏం మామ్మా' అన్నాడుగా. నవ్వే మొహం."

"భోజనం?"

"ఉప్పు లేదు. జబ్బు మనిషికి ఉప్పెందుకులే, నవ్వే మొహమే పెట్టు."

పన్నెండు ప్రశ్నలు, పన్నెండు నవ్వులు. చివర్లో గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది: "కుట్లు చూపించుకోడానికి మళ్ళీ వీళ్ళ దగ్గరికే రావాలి కదరా."

నెల తిరక్కుండా మా బాబాయి కొడుకు కిడ్నీలో రాయితో అదే ఆస్పత్రిలో ఒక రాత్రి ఉన్నాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మీ ఇంగ్లీషుకు జంకే రకం కాదు. మీ ఎడమ చివరి ముఖం చుట్టూ వాడు గీసిన సున్నాకి కాగితం చిరిగింది. పొద్దున పదింటికి ఇంటికి వెళ్ళొచ్చన్నారు, ఇన్సూరెన్స్ వాళ్ళ అప్రూవల్ వచ్చేసరికి సాయంత్రం ఆరు. వాడి కోపం దొంగ కోపం కాదు. ప్రీమియం కట్టేవాడు నిమిషాలు లెక్కపెట్టుకుంటాడు. మొదటి కాన్పుకు ఎడ్లబండిలో వెళ్ళిన మనిషి మాత్రం తిరిగే ఫ్యానునీ, పలకరించే డాక్టరునీ లెక్కపెట్టుకుంటుంది. మీరు ఆవిడ నవ్వుల్నీ వీడి ఏడుపునీ ఒకే గంగాళంలో పోసి కలియబెట్టి, వచ్చిన సగటును లిఫ్టు పక్కన బోర్డెక్కించారు. దాని కింద 'మీ సంతృప్తే మా సేవ' అని ఒక ముక్క.

మా వదిన సంగతి వేరు. ఆవిడకు కాన్పు ఇంకో ఊళ్ళో, ఇంకో ఆస్పత్రిలో. అక్కడ మీ తమ్ముడెవరో ఉన్నాడు, అచ్చం మీ పోలికే. 'పేషెంటు అభిప్రాయం' అని పైన రాసున్న ఆ కాగితాన్ని నింపింది మా అన్నయ్య. ఆ రెండు రోజులూ ఆయన ఎక్కువగా ఉన్నది టీ కొట్టు దగ్గర. అన్నిటికీ 'చాలా బాగుంది' అని పెట్టాడు. నొప్పులు పడుతుంటే ఆయమ్మ ఏమని కసిరిందో వదిన మాకు చాలా రోజుల తర్వాత చెప్పింది. అదీ నవ్వుతూనే. "అప్పుడే చెప్పొచ్చుగా వదినా" అంటే, "బిడ్డ బాగున్నాడుగా" అంది.

ఇది మా ఇంటి వింత అనుకునేరు. 1943 బెంగాల్ కరువు తర్వాత, 1944లో, కలకత్తా దగ్గర ఆరోగ్య సంస్థ వాళ్ళు ఒక సర్వే చేశారు. ఆ లెక్కను ఆర్థికవేత్త అమర్త్య సేన్ తరచూ గుర్తుచేసేవారు. భార్య పోయిన మగవాళ్ళలో 48.5 శాతం మంది ఒంట్లో బాగోలేదనో, అంతంత మాత్రంగా ఉందనో చెప్పుకున్నారు. భర్త పోయిన ఆడవాళ్ళలో అలా చెప్పినవాళ్ళు 2.5 శాతం. కరువులో మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడదానికి మహా ఆరోగ్యం! మీరు గనక ఆ రోజు అక్కడుంటే, ఆ ఆడవాళ్ళందరికీ కుడి చివరి ముఖమే పెట్టేసి ఉందురు. 2002లో ఆయనే ఇంకోటి కూడా చూపించారు. ఆయుర్దాయం ఎక్కువున్న కేరళలోనే మాకు జబ్బుగా ఉందని చెప్పేవాళ్ళు ఎక్కువ, బీహార్‌లో ఆయుర్దాయమూ తక్కువే, చెప్పుకోవడమూ తక్కువే. ఆస్పత్రి మొహం చూసినవాడికే కదా ఏది జబ్బో తెలిసేది.

అమెరికాలో మీ పెద్దన్నగారు ఒకరున్నారు, హెచ్‌క్యాప్స్ అని, ఆస్పత్రిలో ఉండి వెళ్ళిన పేషెంట్లను అడిగే సర్వే. 2006లో పనిలోకి దిగి, 2008 నుంచి ఆస్పత్రుల మార్కులు నలుగురికీ చూపిస్తున్నారు. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ ఆస్పత్రులకు ఇచ్చే డబ్బులో కొంత ఆ మార్కులతో ముడిపడి ఉంది కాబట్టి ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేస్తారు. పెద్దవాళ్ళు ఉదారంగా వేస్తారనీ, బాగా చదువుకున్నవాళ్ళు చెయ్యి బిగిస్తారనీ ఆయనకు తెలుసు. అందుకే ఆస్పత్రులను పోల్చే ముందు వయసు, చదువు, ఇంట్లో మాట్లాడే భాష, ఎవరి ఆరోగ్యం గురించి వాళ్ళేమనుకుంటున్నారు, ఇవన్నీ చూసి మార్కులు సర్దుతారు. అలా సర్దినంత మాత్రాన నవ్వు వెనక ఏముందో బయటపడదనుకోండి. కాకపోతే ఆయనకు ఇంకో మంచి అలవాటుంది. ఎలా అనిపించిందని కాకుండా ఎన్నిసార్లు జరిగిందని అడుగుతారు. బెల్ నొక్కాక కావలసినంత త్వరగా సాయం అందిందా? ప్రతిసారీనా, చాలాసార్లా, అప్పుడప్పుడా, అసలు లేదా? ఏళ్ళ తరబడి అడిగిన ప్రశ్న అది.

మీ అడుగున కూడా వయసు, ఆడ, మగ అని గళ్ళున్నాయి. వాటి వంక ఎవరైనా చూస్తారో లేదో గానీ, ఫోన్ నంబరు గడిని మాత్రం శ్రద్ధగా చూస్తారు. ఫుల్ బాడీ చెకప్ మీద డిస్కౌంటని నాకు వచ్చే మెసేజీలు ఈ రోజుకీ ఆగలేదు. ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వం వాళ్ళు 2016లో 'మేరా అస్పతాల్' పెట్టి, ఫోన్ చేసీ మెసేజీ పంపీ అభిప్రాయం అడగడం మొదలుపెట్టారు. అడగడం మంచిదే. ఓపీ చీటీ మీద మా నాయనమ్మ పేరు పక్కన ఉండేది నా నంబరు, మా వదిన పేరు పక్కన ఉండేది అన్నయ్య నంబరు. ఆడవాళ్ళ అభిప్రాయం మా మగవాళ్ళ జేబుల్లో మోగుతుంది.

అసలు ఈ ఉత్తరం ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మొన్న ఆదివారం నాయనమ్మ వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, ఎదురింటావిడతో మాటల్లో మాటగా అనేసింది. ఆపరేషన్ అయిన రెండో రాత్రి బాత్రూముకు వెళ్ళాలని బెల్ కొట్టి కొట్టి, ఎవరూ రాకపోతే, గోడ పట్టుకుని తనే లేచి వెళ్ళిందట. నేనప్పుడు కింద కుర్చీల్లో నిద్రపోతున్నాను.

"మరి ఆ రోజు ఒక్కొక్కటీ అడిగి నింపాను కదా, చెప్పలేదేం?" అన్నాను.

ఈనె తీసి పక్కన పడేస్తూ అంది: "బెల్ కొడితే వచ్చారా అని నువ్వెప్పుడడిగావురా? నవ్వే మొహమా ఏడ్చే మొహమా అని అడిగావు."

ఇట్లు,
మీ కుడి చివరి ముఖం మీద పన్నెండు టిక్కులు పెట్టిన చెయ్యి