వెయ్యికి పదమూడు తక్కువ

గుంటూరులో మా నాన్నగారు నలభై ఏళ్లపాటు కరెంటు బిల్లు కట్టారు గాని, ఆ కరెంటు ఎవరి దగ్గర కొనాలనే ప్రశ్న ఆయనకు ఒక్కనాడూ ఎదురుకాలేదు. స్తంభం పాతినవారే తీగ లాగేవారు, తీగ లాగినవారే మీటరు చూసేవారు, మీటరు చూసినవారే బిల్లు చేతిలో పెట్టేవారు. ఆ బిల్లు మీద ఆయనకున్న అధికారమల్లా ఎవరూ లేని గదిలో లైటు ఆర్పడం ఒక్కటే కనుక, ఆ అధికారాన్ని ఆయన ఏ లోటూ లేకుండా చెలాయించారు. మా ఇంట్లో పిల్లలకు బూచాడి కంటే ముందు, వాడకం పెరిగితే యూనిట్ ధర పెంచే శ్లాబును చూపించి భయపెట్టేవారు.

అటువంటి ఇంట్లో పెరిగిన నేను డల్లాస్ పక్కన ప్లేనోలో ఇల్లు కొన్నాక, కరెంటు కూడా చెప్పుల్లాగా చూసి, బేరీజు వేసి కొనుక్కోవలసిన వస్తువని తెలుసుకున్నాను. టెక్సస్ శాసనసభ 1999లో చేసిన చట్టం ప్రకారం, 2002 జనవరి 1 నుంచి ఈ రాష్ట్రంలో చాలాభాగం కరెంటు అమ్మకం పోటీకి వదిలేశారు. స్తంభాలు, తీగలు, మీటర్లు మాత్రం ప్రాంతానికొక్క సంస్థవే. డల్లాస్ చుట్టూ చాలా చోట్ల ఆన్‌కోర్, హ్యూస్టన్‌లో సెంటర్‌పాయింట్. ఏ కంపెనీకి డబ్బు కట్టినా అదే తీగలో అదే కరెంటు వస్తుంది. మారేదల్లా బిల్లు మీది బొమ్మ, దాని కింద లెక్క కట్టే తీరు. ఆస్టిన్, శాన్ ఆంటోనియో నగరాల్లో కరెంటు నగరానిదే కాబట్టి అక్కడివారికి ఈ బెడద లేదు. మా పొరుగున ఫ్రిస్కోలో కొన్ని కాలనీలకు సహకార సంఘం కరెంటు ఇస్తుంది. అక్కడ ఇల్లు కొన్న మిత్రుణ్ణి చూసి, పాపం ఎంచుకునే హక్కు లేదే అని మొదట్లో జాలిపడ్డాను. ఇప్పుడు ఆ కాలనీలో ఏ ఇల్లు అమ్మకానికి వస్తుందా అని కనుక్కుంటున్నాను.

పథకాలన్నిటినీ ఒకచోట చూపించడానికి కరెంటు వ్యవహారాలు చూసే రాష్ట్ర కమిషన్ వారే పవర్ టు చూజ్ అనే వెబ్‌సైటు నడుపుతారు. మా పిన్‌కోడ్ కొట్టగానే నూటికి పైగా పథకాలు వరుస కట్టాయి. ప్రతి పథకానికీ ఎలక్ట్రిసిటీ ఫ్యాక్ట్స్ లేబుల్ అనే కాగితం ఉంటుంది. నెలకు 500, 1000, 2000 యూనిట్లు వాడితే యూనిట్‌కు సగటున ఎంత పడుతుందో అందులో తప్పనిసరిగా చూపించాలి. నా కన్ను మధ్య గడి మీదే పడింది. అక్కడ 8.9 సెంట్లు అని ఉంది. దానికి అటు 21.8, ఇటు 15.0 అని ఉన్న సంగతి నేను చూడలేదని చెబితే అబద్ధమవుతుంది. చూశాను, పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చాక ఆమె మేనమామను ఎంత చూస్తామో అంత చూశాను.

అంతకు ముందు ఆదివారం ఒక మిత్రుడి ఇంట్లో భోజనాలప్పుడు సలహాలు కూడా సేకరించకపోలేదు. ఒకాయన రాత్రిపూట కరెంటు ఉచితమనే పథకంలో ఉన్నారు. వారి ఇంట్లో తొమ్మిది దాటితే గాని బట్టలు ఉతకరు, పదకొండు దాటితే గాని దోసెల పిండి రుబ్బరు, ఆ గ్రైండరు మోతకు నిద్రపట్టని పిల్లలు మర్నాడు బడిలో పడుకుంటారు. అయితే ఇక్కడ ఆగస్టులో ఏసీ అసలు పని చేసేది మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి ఎనిమిది దాకా. ఆ వేళల్లో ఆయన కట్టే ధర మామూలు కంటే ఎక్కువ. వెన్న తీసేసిన పెరుగుకు వెన్న ఉచితమని బోర్డు పెట్టినట్టు తోచి, ఆ పథకం వద్దనుకున్నాను. ఇంకొకాయన 2021 ఫిబ్రవరి మంచు తుపాను నాడు టోకు ధరకు కరెంటు ఇచ్చే పథకంలో ఉన్నారు. ఆ నాలుగు రోజులు టోకు ధర మెగావాట్ గంటకు 9,000 డాలర్ల గరిష్ఠ పరిమితి దగ్గర నిలిచింది. అంటే యూనిట్‌కు 9 డాలర్లు. కెటిల్లో టీ నీళ్లు కాచుకుంటే నీళ్లకే దాదాపు డాలరు. చలిలో మనుషులు చనిపోయిన రోజులవి కాబట్టి ఆ కథ ఆయన నవ్వుతూ చెప్పలేదు, మేమూ నవ్వలేదు. ఇళ్లకు అటువంటి పథకాలు అమ్మకూడదని శాసనసభ ఆ ఏడాదే నిషేధించింది. ఇవన్నీ విన్నాక, ఎంత వాడినా యూనిట్‌కు 15 సెంట్లు అనే చప్పిడి పథకం ఒకటి కనబడింది గాని, 8.9 కళ్లెదుట ఉండగా 15 కట్టేవాడు తెలుగువాడెలా అవుతాడని దాన్ని దాటవేశాను. పన్నెండు నెలల ఒప్పందం మీద జూన్‌లో సంతకం చేశాను.

ఎండాకాలంలో డల్లాస్ మా రెంటచింతలకు చెల్లెలు. 2011లో ఇక్కడ వంద డిగ్రీల ఫారెన్‌హీట్ తాకిన రోజులు 71 అని పాతకాపులు ఇప్పటికీ చెప్పుకుంటారు. జూలైలో మా ఇల్లు 2,400 యూనిట్లు తాగింది. యూనిట్‌కు 8.9 సెంట్ల చొప్పున 214 డాలర్లు రావాలని నేను మనసులో పక్కన పెట్టుకుంటే, బిల్లు 383 డాలర్లని వచ్చింది. ఎండ ఎక్కువగా ఉంది కదా అని సరిపెట్టుకున్నాను. ఎండకు యూనిట్లు పెరుగుతాయి గాని యూనిట్ ధర ఎందుకు పెరుగుతుందన్న ప్రశ్న ఆ వేడిలో నాకు తట్టలేదు.

సెప్టెంబరు చివర అమ్మా నాన్నగారూ ఆరునెలలు ఉందామని వచ్చారు. నాన్నగారు ఇల్లంతా ఒకసారి తిరిగి చూసి, మాట్లాడకుండా పని మొదలుపెట్టారు. వాకిట్లో లైటు, గ్యారేజీలో లైటు, ఎవరూ చూడని టీవీ, ఎవరూ లేని గదిలో ఫ్యాను ఒక్కొక్కటే ఆరిపోయాయి. బట్టలారేసే డ్రయ్యర్‌ను ఆయన అసలు ఒప్పుకోలేదు. బయట దండెం కడితే కాలనీ సంఘం ఊరుకోదని చెప్పగా, గ్యారేజీలో కారు మీదుగా తాడు కట్టారు. ఆ నెలంతా నేను ఆఫీసుకు బయలుదేరే ముందు కారు మీది పంచెలు తీసి మడతపెట్టవలసి వచ్చేది. మాకు వంటపొయ్యి, నీళ్లు కాగేది, చలికాలం ఇల్లు వేడిచేసేది అన్నీ గ్యాసువే కనుక, అక్టోబరులో ఏసీ తగ్గాక కరెంటుకు మిగిలిన పని కూడా కొద్దే.

నెల తిరిగేసరికి బిల్లు వచ్చింది. 987 యూనిట్లు, 211 డాలర్ల 50 సెంట్లు.

నాన్నగారికి ఇంగ్లీషు బిల్లులంటే భయం లేదు. ఆయన ఉద్యోగమంతా మిర్చి యార్డులో ఒక కమీషను కొట్టు గుమాస్తాగా గడిచింది. పాటలో పలికిన ధర వేరు, కమీషను, హమాలీ, తరుగు పోగా రైతు చేతికి వచ్చే ధర వేరు అని పుట్టుకతోనే తెలిసినవారు. బిల్లు, లేబుల్ పక్కపక్కన పెట్టుకుని, నా కొడుకు చిత్తు పుస్తకంలో ఖాళీ పేజీ చూసి లెక్క వేశారు. కంపెనీ ధర యూనిట్‌కు 16 సెంట్లు. తీగల సంస్థకు చేరేది యూనిట్‌కు 5 సెంట్లు, నెలకు మరో 4 డాలర్ల 23 సెంట్లు. అంటే అసలు ధర 21 సెంట్ల పైమాటే. మరి 8.9 ఎక్కడిదంటే, వాడకం 1000 యూనిట్లు తాకిన నెలలో మాత్రం కంపెనీ 125 డాలర్లు వెనక్కి ఇస్తుంది. సరిగ్గా వెయ్యి వాడిన ఇంటికి బిల్లు 89 డాలర్ల 23 సెంట్లు. వెయ్యికి పదమూడు తక్కువ వాడిన ఇంటికి 211న్నర.

“ఒరేయ్, నేను పదమూడు యూనిట్లు మిగిల్చానని నీకు 122 డాలర్లు జరిమానా వేశారా?” అన్నారు. జరిమానా కాదు నాన్నా, రాయితీ రాలేదంతే అన్నాను. ఆ రెండింటికీ తేడా ఏమిటని ఆయన అడగలేదు. యార్డులో అటువంటి తేడాలు ఎన్నో చూసినవారు.

ఆ సాయంత్రం ఫోనులో హైదరాబాదు అక్కకు ఈ కథ చెబితే ఆమె కాసేపు నమ్మలేదు. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా ఉచితం కాబట్టి, ఆమె ఇంట్లో అద్దెకున్నవారు 190 దాటితే ఫ్రిజ్ తలుపు తెరవడానికి కూడా ఆలోచిస్తారట. అక్కడ గీత దాటితే శిక్ష, ఇక్కడ గీత చేరకపోతే శిక్ష. ఒప్పందం రద్దు చేసుకుందామంటే 150 డాలర్లు కట్టాలి. ఇల్లు మారిపోయేవారికి మాత్రం ఆ రుసుము ఉండదు. “అయితే పక్కింట్లోకి మారదామా?” అని అమ్మ నిజంగానే అడిగింది.

నాన్నగారు మర్నాడంతా ఆ చిత్తు పుస్తకంతోనే ఉండి, రాత్రికి తీర్పు చెప్పారు. నేను కాదన్న ఆ 15 సెంట్ల చప్పిడి పథకంతో పోలిస్తే, వాడకం వెయ్యికీ రెండు వేలకూ మధ్య ఉన్న నెలల్లో మాదే చవక. వెయ్యికి లోపల ఉంటే మాదే ఖరీదు. రెండువేలు దాటాక కూడా మాదే ఖరీదు. కాబట్టి చలికాలం నెలలు వెయ్యి దాటించగలిగితే రద్దు చేయనక్కర్లేదు. “పథకం చెడ్డది కాదురా. దీనికి కాపలా కావాలి” అన్నారు. కాపలా ఆయనే తీసుకున్నారు.

ఇక్కడి మీటర్లు పావుగంటకోసారి వాడకం రాసుకుంటాయి. నిన్నటి దాకా ఎంతయిందో ఇవాళ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. నాన్నగారు రోజూ కాఫీ తాగుతూ ఆ అంకె చిత్తు పుస్తకంలోకి ఎక్కించేవారు. జీవితమంతా లైట్లు ఆర్పిన చేత్తో లైట్లు వేయడం ఆయనకు అంత తేలిగ్గా రాలేదు. వేసి, రెండడుగులు నడిచి, అలవాటుగా వెనక్కి వచ్చి ఆర్పి, గుర్తుకొచ్చి మళ్లీ వేసేవారు. దీపావళికి ఇల్లంతా చిన్న బల్బుల తోరణాలు కట్టించారు గాని, ఎల్ఈడీలు ఎంత తక్కువ కరెంటుకు వెలుగుతాయో లెక్క తేలాక, ఆ దండలతో లోటు పూడాలంటే వచ్చే దీపావళి దాకా వెలగాలని తెలిసి ఆయన ముఖం వాడిపోయింది.

నవంబరు బిల్లుకు ఆఖరి రోజని నేను చెప్పిన నాటి ఉదయానికి 961 అయింది. ముప్పైతొమ్మిది కావాలి. అటువంటి పండుగ మా ఇంట్లో అంతకు ముందు జరగలేదు. చల్లని సాయంత్రం పూట ఏసీ వేసి, కిటికీలు తెరిచి, మంకీ క్యాపులు పెట్టుకుని హాల్లో కూర్చున్నాము. ఉతికి ఆరి మడతల్లో ఉన్న దుప్పట్లు డ్రయ్యర్‌లో మూడు దఫాలు తిరిగాయి. మా ఆవిడ కరెంటు ఓవెన్‌లో మొదట కేకు పెట్టింది. తర్వాత అమ్మ అందులోనే వేరుశనగ గుళ్లు వేయించింది. ఆ తర్వాత వండడానికి ఏమీ తోచక ఖాళీ ఓవెన్‌నే వెలిగించి ఉంచారు. “మామయ్యగారూ, వ్యాక్యూమ్ కూడా చెయ్యనా?” అని మా ఆవిడ అడిగితే, ఆయన గంభీరంగా “రెండుసార్లు చెయ్యమ్మా” అన్నారు. అర్ధరాత్రికి పనిముట్ల మీద రాసి ఉన్న వాట్లను గంటలతో హెచ్చించి, నలభై దాటిందని ప్రకటించి, ఆయన నిద్రకు ఉపక్రమించారు.

బిల్లు 961కే వచ్చింది. మీటరు నెల క్యాలెండరు నెల కాదు. ఒకసారి ఇరవైతొమ్మిది రోజులు, ఒకసారి ముప్పైరెండు. తర్వాతి రీడింగు తేదీ కిందటి బిల్లు మూలన చిన్న అక్షరాల్లో ఉంది. నేను మాత్రం కిందటి నెల తేదీనే ఈ నెలకూ నమ్ముకున్నాను. మేము మంకీ క్యాపులు పెట్టుకున్న రాత్రికి ముందు రాత్రే లెక్క మూసేశారు. మా పండుగ యూనిట్లన్నీ డిసెంబరు ఖాతాలో భద్రంగా పడ్డాయి. 206 డాలర్ల బిల్లును నాన్నగారు మడిచి చిత్తు పుస్తకంలో పెట్టుకుని, ఆ రోజు నాతో మాట్లాడలేదు.

డిసెంబరు నుంచి తేదీలు ఆయనే చూసుకున్నారు. 1,012, 1,006, 1,003. మార్చిలో వెళ్లబోయే ముందు నెల సరిగ్గా 1,001. రైతు కళ్లెదుట కాటా ముల్లు నిలబెట్టినట్టు నిలబెట్టారని మా ఆవిడ అంటే, ఆయన మొహమాటపడ్డారు గాని కాదనలేదు. ఈ మధ్యలోనే నేను వెబ్‌సైటును మళ్లీ తెరిచి చూస్తే, వాడకాన్ని బట్టి రుసుమో రాయితీయో ఉండే పథకాలు వద్దని ముందే తీసివేయడానికి ఒక గడి మొదటినుంచీ అక్కడే ఉందని తెలిసింది. ఆ సంగతి ఇంతవరకు నాన్నగారికి చెప్పలేదు. గడువుకు పద్నాలుగు రోజుల ముందు నుంచి రుసుము లేకుండా మారవచ్చు గనుక, జూన్‌లో ఆ గడి నొక్కి ఒక చప్పిడి పథకం తీసుకుందామని నేనూ మా ఆవిడా గుట్టుగా అనుకున్నాము.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం ఫోను మోగింది. గుంటూరులో అప్పుడు తెల్లవారుతోంది.

“నిన్నటికి ఎంతయిందిరా?”

“968 నాన్నా.”

“రోజుకు పాతిక చొప్పున ఇవాళ్టికి 993. రీడింగు ఈ రాత్రికే. ఏడు తక్కువ. ఫోను పెట్టేసి డ్రయ్యర్ వెయ్యి. బట్టలున్నాయా లేవా అని చూడకు.”

సరేనంటూ ఉండగానే, వెనకనుంచి అమ్మ గొంతు వినిపించింది. వరండాలో లైటు తెల్లారినా వెలుగుతోందని అంటోంది. “ఒక్క క్షణం ఉండు” అని ఆయన ఫోను బల్ల మీద పెట్టి లేచారు. చెప్పుల చప్పుడు దూరంగా వెళ్లి ఆగింది. తర్వాత స్విచ్చి టక్కుమన్న శబ్దం ప్లేనో దాకా వినిపించింది.