మట్టి గట్టిదేనట, ఇంకేం కావాలి!

ఇప్పుడే ఒక రియల్ ఎస్టేట్ పిల్లాడి ఫోన్ పెట్టేసి ఇది రాస్తున్నా. పొయ్యి మీద చారు మరిగి ఇగిరిపోతోంది, పోనీ.

"మేడమ్, బాలానగర్ పక్కన ప్రీలాంచ్. పాత ఫ్యాక్టరీ ల్యాండ్, క్లియర్ టైటిల్, మెట్రో పక్కనే." ఏం ఫ్యాక్టరీ బాబూ అన్నా. "ఏదో ప్లేటింగ్ అంట మేడమ్, ఎప్పుడో మూసేశారు." మరి మట్టి పరీక్ష చేయించారా అని అడిగితే ఎంత హుషారో! "చేయించాం మేడమ్, సాయిల్ టెస్ట్ రిపోర్ట్ వాట్సాప్ చేస్తా. ముప్పై అంతస్తులు నిలబడతాయి."

పంపాడు కూడా. చూశా. రాయి ఎంత లోతులో తగిలిందో ఉంది, చదరపు మీటరుకి ఎన్ని టన్నులు మోస్తుందో ఉంది. ప్లేటింగ్ అంటే లోహాలకి పూత వేసే పని కదా, అలాంటి చోట మట్టిలోకి దిగే విషాల మాటే లేదు: క్రోమియం ఊసు లేదు, సీసం లేదు, జిడ్డు కరిగించే సాల్వెంట్ లేదు. బిల్డింగ్ కుంగదట. లోపల ఉండే మనుషులతో ఆ రిపోర్టుకి పనిలేదు.

మనవాళ్లకి తెలియక కాదు. హబ్సిగూడలో భూమిని పరిశోధించే కేంద్ర సంస్థ ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు కాటేదాన్ మట్టి, బాలానగర్ మట్టి తవ్వి చూసి సీసం, క్రోమియం ఎంతెంత ఉన్నాయో పేపర్లు రాసి పెట్టారు. చదివేవాడేడీ? 2025 నవంబర్‌లో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లోపలి పారిశ్రామికవాడలు, అంటే 22 ఎస్టేట్లు, దాదాపు 9,300 ఎకరాలు ఇళ్లకీ మాల్స్‌కీ మార్చుకోవచ్చని రాష్ట్ర ప్రభుత్వం పాలసీ తెచ్చింది కదా, హిల్ట్ అని. మార్చుకునే ఫీజు భూమి విలువలో 30 శాతమా 50 శాతమా, ఎన్ని లక్షల కోట్ల స్కామ్ అని టీవీల్లో గొంతులు చించుకున్నారు. వీళ్లదంతా ఎకరం రేటు గొడవే. ఆ ఎకరం కింద ఏముందో ఒక్క పార్టీవాడు గట్టిగా అడిగిన పాపాన పోలేదు.

సరే, కట్టేస్తారు. సెల్లార్లు మూడు నాలుగు తవ్వుతారు. తవ్విన మట్టి ఎటు పోతుంది? విషం ఉన్న మట్టి అయితే పద్ధతి ప్రకారం దుండిగల్‌లో ప్రమాదకర వ్యర్థాలు పూడ్చే చోటికి పోవాలి. అక్కడికి టిప్పర్ పోతే డబ్బు కట్టాలి. రాత్రి రెండింటికి ఏ చెరువు శిఖంలోనో కుమ్మరిస్తే ఫ్రీ. మీరు బిల్డర్ అయితే ఏం చేస్తారో గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి. సెల్లార్‌లో ఊరిన నీళ్లు మోటారు పెట్టి నాలాలోకి తోడేస్తారు, అదింకో కథ.

కేంద్రం 2025 జులైలో కలుషిత స్థలాల రూల్స్ తెచ్చింది లెండి. ఎవడు పాడుచేస్తే వాడే బాగుచేయాలట. ఎవడు? షెడ్డు ఒకడిది, లీజు ఇంకొకడిది, లైసెన్సు బావమరిది పేరున, డ్రమ్ములు గోడవతల పారబోసిన మేస్త్రీ ఊరెళ్లిపోయాడు. వెతకండి. దేశం మొత్తం మీద ఇలాంటివి 103 గుర్తిస్తే శుభ్రం చేసే పని మొదలైంది ఏడింట్లో.

భోపాల్ సంగతి తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. 1984లో విషవాయువు లీకై అంత ఘోరం జరిగింది, లోకమంతా చూసింది. ఆ ఫ్యాక్టరీలో మూటకట్టిన 337 టన్నుల చెత్తని పీథంపుర్ తీసుకెళ్లి కాల్చడానికి 2025 రావాల్సి వచ్చింది. దానికే ఏదో చంద్రుడి మీద దిగినట్టు హడావుడి! మరి అక్కడి మట్టి? నాగ్‌పుర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ, మన ఎన్‌జీఆర్‌ఐ కలిసి 2010లో లెక్కగడితే చెడిన మట్టి 11 లక్షల టన్నులు తేలింది. 11 లక్షలెక్కడ, 337 ఎక్కడ! భోపాల్‌కే దిక్కులేదంటే బాలానగర్ గల్లీలో ప్లేటింగ్ షెడ్డుని పట్టించుకునేదెవరు?

అసలు గవర్నమెంటుని అని ఏం లాభం, మనమే తక్కువ తిన్నామా. మేం బొల్లారం దగ్గర్లో ఉన్నప్పుడు వాన పడిన రాత్రి కిటికీ తెరిస్తే కుళ్లిన క్యాబేజీ, నెయిల్ పాలిష్ కలిపినట్టు వాసన. బోరు నీళ్లు బకెట్లో పట్టి పెడితే పొద్దున్నకి పైన పసుపుపచ్చ తెట్టు. ఫోటో తీసి అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టా, పొల్యూషన్ బోర్డుకి అందరం సంతకాలు పెడదామని. పది నిమిషాల్లో ప్రెసిడెంట్ గారి మెసేజ్: "అమ్మా, దయచేసి ఇలాంటివి గ్రూపులో పెట్టకండి. బయటికి పోతే రీసేల్ పడిపోతుంది." దానికి ముప్పై దండాలు, ఇరవై బొటనవేళ్లు! క్యాన్సర్ వచ్చి పోయిన మూడో ఫ్లోర్ ఆయన వాళ్లబ్బాయి కూడా బొటనవేలే పెట్టాడు.

మనకి ఫ్లాట్ అమ్ముడుపోవడమే ఆరోగ్యం. ఆ ప్రెసిడెంట్ గారు తర్వాత దసరాకే తన ఫ్లాట్ అమ్మేసి నార్సింగి వెళ్లిపోయాడు. కొన్నవాళ్లకి బోరు నీళ్ల సంగతి ఒక్క ముక్క చెప్పలేదు, వాళ్లే వచ్చి నన్నడిగారు ఏంటండీ ఈ పసుపు అని. గ్రూపు అడ్మిన్‌గా మాత్రం ఆయన ఇంకా దిగలేదు.