కవాతూ, కెమిస్ట్రీ రికార్డూ

ఎన్‌సీసీలో (విద్యార్థులకు సైనిక తరహా శిక్షణ ఇచ్చే నేషనల్ కేడెట్ కోర్‌లో) చేరితే డిగ్రీ మార్కులు పడిపోతాయని ఒక వ్యాసంలో చదివాను; ఆ వ్యాసకర్త మాటతో నేను సగం వరకే ఏకీభవిస్తాను. ఆంధ్ర సరిహద్దులోని ఒడిశా పట్టణం పర్లాకిమిడిలో మూడేళ్లు కేడెట్‌గా ఉన్న నా అనుభవంలో వారం వారం జరిగే పరేడ్ చదువును ఏనాడూ దెబ్బతీయలేదు. దెబ్బతీసింది పది రోజుల వార్షిక శిబిరమే. బరంపురం దగ్గర శిబిరం ముగించుకుని వచ్చేసరికి కెమిస్ట్రీ రికార్డులో నాలుగు ప్రయోగాలు ఖాళీగా మిగిలాయి, పోయిన హాజరు కలిపించుకోవడానికి కళాశాల కార్యాలయం చుట్టూ నెల రోజులు తిరగవలసి వచ్చింది. ఆ రాత్రులు బెల్టు బకిల్‌కు బ్రాసో (ఇత్తడి పాలిష్) రుద్దుతూనే, ఎదుట తెరిచి పెట్టుకున్న స్నేహితుడి నోట్సు చదివేవాడిని. (ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, మైదానంలో ‘సావధాన్’, ‘విశ్రామ్’ అంటూ హిందీ: మా సరిహద్దు పిల్లలకు అదొక అదనపు సబ్జెక్టు.)

అయితే వ్యాసంలో ప్రస్తావనకు రాని విషయం ఒకటుంది. ఎన్‌సీసీ చివరి పరీక్షకు ఇచ్చే ‘సి’ సర్టిఫికెట్‌లో కనీసం ‘బి’ గ్రేడు, డిగ్రీలో 50 శాతం మార్కులు ఉన్న అవివాహితులు సైన్యంలో అధికారిగా చేరే ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీకి దరఖాస్తు చేసుకుంటే, ఎంపికైనవారికి సీడీఎస్ (సైనిక అధికారుల ఎంపికకు జరిగే కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్) రాత పరీక్షతో పని లేకుండానే ఐదు రోజుల ఎస్ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూకు పిలుపు వస్తుంది. అంటే మార్కులను వదిలేసి కవాతునే పట్టుకున్నవాడికి ఆ దారి మూసుకుపోయినట్లే. మా బ్యాచ్‌లో ఒకడు ‘బి’ గ్రేడు సాధించి కూడా 47 శాతం దగ్గర ఆగిపోయాడు.