అల్లిక బొమ్మ ఫార్వర్డు పంపినవాళ్లందరికీ

అపార్ట్‌మెంట్ గ్రూపులో అదే, బడి తల్లిదండ్రుల గ్రూపులో అదే, చివరికి ఒంగోలు నుంచి మా మేనత్త కూడా అదే పంపింది. చెక్కబొమ్మ ఫొటో, నెత్తిన నాలుగు మేకులు, కింద చిల్లులోంచి వేలాడే రంగుల ఊలు తాడు. 'మన ప్రాచీన అల్లిక బొమ్మ, రెండేళ్ల నుంచే ఇవ్వండి, పదిమందికి పంపండి' అట.

అందులో రాసిన ముక్కలు ఒక్కొక్కటే చూద్దాం. 'ఉదయగిరి కళాకారుల దగ్గర తెల్లవాళ్లు ఎత్తుకుపోయారు.' మన నెల్లూరు జిల్లా ఉదయగిరి చెక్కపనికి పేరు తెచ్చింది చెంచాలు, ఫోర్కులు, గరిటెలబ్బా! ఈ బొమ్మ యూరప్‌ది. జర్మన్లు స్ట్రిక్‌లీజెల్ అంటారు. రోహిణి కార్తెలో నెల్లూరులో కూర్చుని ఊలు అల్లిన ముత్తవ్వ ఎవరన్నా ఉంటే చెప్పండి, వచ్చి కాళ్లకు దణ్ణం పెడతా.

'లెక్కల్లో ఫస్టు వస్తారు.' ఉన్న మేకులు నాలుగు.

'స్వచ్ఛమైన ఊలు.' బజార్లో దొరికే రంగుల ఉండలు చాలావరకు అక్రిలిక్కే, అంటే ప్లాస్టిక్ లాంటి పోగు.

'పెద్దవాళ్లు పక్కన అక్కర్లేదు.' దారం కొస బొమ్మ కడుపులోంచి కిందికి వదలాలి. మేకుకొక చుట్టు వేయాలి. ఆపైన దారం ఆనించి, కింది చుట్టును సూదితో ఎత్తి మేకు మీదుగా లోపలికి దాటించాలి. బిగించి చుడితే సూదే దూరదు. ఒక చుట్టు జారిందా, తాడు పొడుగునా చీలిక. ఆరేడేళ్ల పిల్లలకే మొదట పక్కన కూర్చోవాలి, రెండేళ్లవాడైతే ఆ సూది ఎక్కడ పొడుచుకుంటాడో మీరే చెప్పండి.

'చేతిపని కాబట్టి నోట్లో పెట్టుకున్నా పర్లేదు.' 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, రిజిస్టరైన హస్తకళాకారులకు మాత్రం మినహాయింపు. అంటే చేతిబొమ్మను ఎవరో పరీక్షించి ఉంటారన్న ధీమా వద్దు. రంగు ఏందో అమ్మేవాణ్ణే అడగాలి.

ఇక అసలు ఘనకార్యం. 'అల్లిన తాడు మెడలో వేసి పడుకోబెడితే దిష్టి తగలదు.' ఇది రాసినవాడి ఇంట్లో పసిపిల్లలున్నారా? ఒంటి పోగైతే లాగితే తెగుతుందేమో, అల్లాక తాడు సాగుతుంది, తెగదు. నిద్రలో బిడ్డ పొర్లుతాడు, తాడు మంచం కమ్మీకి తగులుకుంటుంది, ఎంత పొర్లితే అంత బిగుస్తుంది. ఏడిస్తే వినపడుతుందిలే అనుకోకండి, గొంతు బిగిస్తే ఏడుపెట్ట వస్తుంది? దిష్టి భయముంటే బుగ్గన చుక్క పెట్టండి, ఉప్పూ మిరపకాయలూ తిప్పి పారేయండి, వీధంతా కోరు వచ్చేలా నిప్పుల్లో వేయండి. మెడ జోలికి మాత్రం పోకండి. మిగతా అబద్ధాలతో పోయేది పరువే, దీంతో ప్రాణం పోతుంది. మేనత్తకు ఫోన్ చేసి మరీ డిలీట్ చేయించాను.

ఒక్క మాట మాత్రం నిజం: 'పిల్లలు ఫోన్ మరిచిపోతారు.' రెండు చేతులూ, కళ్లూ దానికే సరిపోతాయి మరి. మా తమ్ముడి కొడుకు, పూట గడవడానికి ఫోన్ కావాల్సినవాడు, కరెంటొచ్చినా లేవలేదు. బొమ్మ కూడా కొననక్కర్లేదు. అట్ట గొట్టానికి నాలుగు ఐస్‌క్రీమ్ పుల్లలు అంటిస్తే చాలు. అల్లిన తాడును చుట్టచుట్టి కుడితే చెంబు కింద వేసుకోవచ్చు. వేడి గిన్నె కింద వద్దు, ఆ 'స్వచ్ఛమైన ఊలు' కరిగి గిన్నెకే అంటుకుంటుంది.