అంతరాత్మ చెప్పిందా? ఎవరికి చెప్పింది?

ఈమధ్య ఆధ్యాత్మిక శిబిరాల ప్రకటనల్లో తరచూ కనిపిస్తున్న మాట ఒకటుంది: మీ లోపలి గొంతు వినండి, అది చెప్పినట్టు నడవండి. వినడానికి హాయిగానే ఉంటుంది. ఎందుకుండదు? మనం ఎలాగూ చేయాలనుకున్న పనికి అంతరాత్మ ముద్ర కూడా పడిపోతుంది. ఇష్టమొచ్చిన వాళ్లు ఆ దారిన పోవచ్చు. దానికి రమణ మహర్షి పేరు తగిలించడం మాత్రం అన్యాయం.

1896 జులైలో మధురైలో జరిగింది చాలామందికి తెలిసిందే. తర్వాత రమణ మహర్షి అయిన పదహారేళ్ల వేంకటరామన్‌కు ఒంట్లో ఏ జబ్బూ లేదు. ఉన్నట్టుండి చచ్చిపోతున్నానన్న భయం పట్టుకుంది. అంతకన్నా గట్టి లోపలి గొంతు ఇంకేముంటుంది? మనమైతే డాక్టర్ దగ్గరికి పరుగెత్తుతాం, లేదా అదేదో సంకేతమని జాతకం తీస్తాం. ఆ కుర్రాడు నేలమీద పడుకుని, కాళ్లూ చేతులూ బిగబట్టి, పెదవులు మూసి ఊపిరి ఆపాడు. ఈ శరీరం పోతే పోయేది నేనేనా అని చూశాడు. భయం మాట వినలేదు, దాన్ని తోసెయ్యనూ లేదు. భయపడుతున్నది ఎవరో పట్టుకున్నాడు. నా లెక్కలో ఆయన బోధంతా ఆ కాసేపట్లోనే ఉంది.

1902లో శివప్రకాశం పిళ్లై అనే భక్తుడు వచ్చి అడిగినప్పుడు, మౌనంలో ఉన్న ఆయన రాసి చూపిన జవాబుల సారమూ ఇదే. ఏ ఆలోచన లేచినా 'ఇది ఎవరికి?' అని అడుగు. 'నాకు' అని వస్తుంది. ఆ నేను ఎవరు? ఇందులో మంచి ఆలోచనకు మినహాయింపు లేదు, దివ్యమైన స్ఫురణకూ లేదు. దేవత కనిపించిందన్నా సరే, చూసిందెవరన్నదే ప్రశ్న. ఆఖరికి 'నేనెవరు' అన్న ఆలోచన కూడా, చితిని ఎగదోసిన కట్టెలా తానూ కాలిపోవాలన్నారు.

స్ఫురణ లేకుండా ఏ మేలుకొలుపూ మొదలుకాదు, ఆ మరణభయం కూడా తనంతట తానే వచ్చింది కదా అంటారు. నిజమే. కానీ వచ్చినదాన్నల్లా నమ్మాలా? స్ఫురణను మెచ్చుకునే గ్యారీ క్లైన్, దాన్ని శంకించే డేనియల్ కానెమన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కలిసి 2009లో తేల్చిందేమిటంటే, అలాంటి అంచనా పనికొచ్చేది ఏళ్ల తరబడి అనుభవం ఉండి, తప్పు తప్పని తెలిసివచ్చే చోటే. ఎంత గట్టిగా అనిపించిందన్నది రుజువు కాదు. మోక్షం విషయంలో మనల్ని దిద్దేవాళ్లెవరు? 'నేనెవరు' అనే విచారణ ఒక్కటే.

మన కావ్యకంఠ గణపతి ముని సంగతి చూడండి. బొబ్బిలి దగ్గర కలువరాయిలో పుట్టిన మహాపండితుడు. ఏళ్ల తరబడి మంత్రజపం చేసినవాడు. 1907లో తిరువణ్ణామలైలో, తనకన్నా ఏడాది చిన్నవాడి దగ్గరికి వెళ్లి, తపస్సంటే ఏమిటో ఇంకా అర్థం కాలేదన్నాడు. 'నేను' ఎక్కడ పుడుతోందో చూడు, జపం చేస్తే ఆ మంత్రనాదం ఎక్కడి నుంచి వస్తోందో చూడు, మనసు అక్కడ లీనమైతే అదే తపస్సు అని జవాబు వచ్చింది. ఆయనకు భగవాన్ రమణ మహర్షి అని పేరు పెట్టింది ఆ అడిగినవాడే.

అంతటి పండితుడికి లేని నామోషీ మనకెందుకు వచ్చింది? ఇంట్లో ఎదురు ప్రశ్న వేస్తే పొగరు. ఇంటర్ హాస్టల్లో 'ఎందుకు' అంటే టైమ్ వేస్టు, ర్యాంకు పోతుంది. పదిహేనేళ్లు నోరు మూయించి పెంచిన పిల్లలే ముప్పయ్యో ఏట టెన్షన్ తట్టుకోలేక, లోపలికి ఎలా చూడాలో నేర్పమని శిబిరాలకు వేలు కడుతున్నారు. అక్కడా చాలాచోట్ల గురువుగారు మాట్లాడినంతసేపు వినాల్సిందే. సందేహాలుంటే చీటీ మీద రాసివ్వాలి, ఆఖర్లో టైమ్ మిగిలితే చూస్తారు.