డిక్కీలో గెట్టియర్

నిన్న నెల్లూరులో దూరవిద్య ఎమ్మే ఫిలాసఫీ పరీక్ష రాసి, బిట్రగుంట దాకా రైల్లో నిలబడి, ఆ తర్వాత సీటు దొరికీ దొరక్కముందే మా ఊళ్లో దిగి, సాయంత్రం స్టేషన్ బండ్ల స్టాండుకి వచ్చేసరికి కరెంటు లేదు. పొద్దున పెట్టిన చోటే, వేపచెట్టు కింద గోడవారగా తెల్ల స్కూటీ ఉంది. తాళం పెట్టాను, తిరిగింది. సెల్ఫ్ నొక్కాను, స్టార్టయింది. ఇది నా బండే అని నమ్మడానికి మనిషికి ఇంతకన్నా ఏం కావాలో మీరే చెప్పండి.

వెనక కడ్డీ పట్టుకుని ఎవరో లాగారు.

"ఏందమ్మా, మా బండి యాడికి తోలకపోతా ఉండావు?"

తెల్లచొక్కా పెద్దాయన. చేతిలో నిమ్మకాయల సంచి. మీ బండి నంబరెంతండీ అంటే తెలీదన్నాడు, అల్లుడి బండట. నాకు నా నంబరు తెలుసా అంటే, 26 తో మొదలవుతుందని తెలుసు, మిగతాది మా ఆయన చూసుకుంటాడు.

ఇక్కడ స్టాండతని గురించి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. టోకెన్ మీద బండి నంబరు రాయడు. ఎందుకు రాయవయ్యా అంటే "నాకు అన్నీ గుర్తుంటాయి మేడమ్" అంటాడు. హ్యాండిల్ లాక్ వెయ్యనివ్వడు, ఎందుకంటే మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆయనకి బండ్లన్నీ అటుది ఇటు, ఇటుది అటు సర్దాలనిపిస్తుంది. చిల్లర మాత్రం మనమే తెచ్చుకోవాలి. న్యాయదర్శనంలో ఆప్తవాక్యం, అంటే నమ్మదగినవాడి మాట కూడా జ్ఞానానికి ఆధారమేనని పొద్దున్నే నాలుగు పేజీలు రాసొచ్చాను కాబట్టి, ఈ బండి ఎవరిదో నువ్వే చెప్పు అని ఆయన్నే అడిగాను. టార్చి వేసి మా ఇద్దరి మొహాలూ చూసి "మీ ఇద్దర్లో ఎవురిదో ఒకరిదిలే మేడమ్" అన్నాడు. తర్కం ప్రకారం తప్పు పట్టలేం.

చివరికి తీర్పు కూడా ఆయనే చెప్పాడు. డిక్కీలో ఏముందో మేడమ్ చెప్పాల, తీసి చూద్దాం, సరిపోతే మేడమ్‌ది. బజ్జీల బండి దగ్గరున్న జనం పొట్లాలతో సహా ఇటొచ్చేశారు. నేను గొంతు సవరించుకుని, "నీలం రంగు రెయిన్‌కోటు, సీటు తుడిచే పాత బనియను" అన్నాను.

సీటు లేవలేదు. లాక్ పట్టేసింది. పెద్దాయన పిడికిలితో ఒకటి గుద్దాడు, స్టాండతను రెండు గుద్దాడు. ఆ సందులో నాకు పొద్దుటి ప్రశ్న గుర్తొచ్చింది. ప్లేటో నాటి నుంచీ వస్తున్న లెక్క ప్రకారం ఒక సంగతి మనకు తెలుసు అనాలంటే మనం దాన్ని నమ్మాలి, అది నిజం కావాలి, నమ్మడానికి తగిన ఆధారం ఉండాలి. 1963లో ఎడ్మండ్ గెట్టియర్ అనే అమెరికా లెక్చరరు మూడే మూడు పేజీలు రాసి, ఈ మూడూ ఉన్నా తెలిసినట్టు కాదని తేల్చేశాడు. (నేను అదే సంగతికి అడిషనల్ షీట్లు తీసుకున్నాను.) ఒక ఉద్యోగానికి స్మిత్, జోన్స్ పోటీ. ఉద్యోగం జోన్స్‌కేనని కంపెనీ పెద్దే స్మిత్‌తో అన్నాడు. జోన్స్ జేబులో నాణేలు 10 ఉన్నాయని స్మిత్ లెక్కపెట్టి చూశాడు కూడా. కాబట్టి ఉద్యోగం వచ్చేవాడి జేబులో 10 నాణేలున్నాయని నమ్మాడు. తీరా ఉద్యోగం వచ్చింది స్మిత్‌కి, తనకే తెలియకుండా తన జేబులోనూ ఉన్నవి 10 నాణేలే. నమ్మింది నిజమే, ఆధారమూ ఉంది, కానీ తెలిసి కాదు, తగిలింది. ఒకడి జేబులో చిల్లర ఇంకొకడు ఎందుకు లెక్కపెడతాడబ్బా అని హాల్లోనే విసుక్కున్నాను. పరాయి మొగాయన నా చేతి సంచి పట్టుకుని నిలబడగా, ముక్కూ మొహం తెలియని పదిమంది ఒక డిక్కీలోకి తొంగిచూస్తుంటే ఆ విసుగు తగ్గింది.

మూడో గుద్దుకి సీటు లేచింది.

నీలం రెయిన్‌కోటు. దాని మీద, భుజం దగ్గర చిరిగిన పాత బనియను.

"మేడమ్‌దే!" అన్నారు బజ్జీలవాళ్లు. ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు. పెద్దాయన ఆ బనియను చివర రెండు వేళ్లతో పట్టుకుని టార్చి వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు, పాపం, అల్లుడి బనియన్లు ఆయనకేం తెలుస్తాయి. నాకు మాత్రం వెన్నులో సన్నగా ఏదో పాకింది, ఎందుకంటే మా ఆయన బనియను మీద వార్నిష్ మరక ఉండాలి.

శ్రీనాథుడు తెలుగు చేసిన నైషధం ఉంది కదా, అది సంస్కృతంలో రాసిన శ్రీహర్షుడే 12వ శతాబ్దంలో ఖండనఖండఖాద్యం అని ఇంకో పుస్తకం రాశాడు. అందులో ఒకడు గుప్పిట్లో గవ్వలు పెట్టుకుని ఎన్ని అని అడుగుతాడు, రెండోవాడు ఊరికే అయిదు అంటాడు, అయిదే ఉంటాయి. అది జ్ఞానమా? ఇంకొకడు పొగమంచుని పొగ అనుకుని అక్కడ నిప్పుందంటాడు, నిజంగానే ఉంటుంది. గెట్టియర్ కంటే సుమారు 800 ఏళ్ల ముందు సంగతి ఇది. పరీక్షలో ఇదొక్కటీ మర్చిపోయాను, స్టాండులో గుర్తొచ్చింది, మార్కులెవరిస్తారు?

మరకలేని సంగతి చెబుదామా వద్దా అని నేను ఊగిసలాడుతుండగా, బజ్జీ తింటున్న ఒక పిలకాయ వెనక్కిపోయి నంబరు ప్లేటు చదివి, "27 అనుందే, ఇది ప్రకాశం బండి" అన్నాడు. "మా అల్లుడిది ఒంగోలేగదా!" అన్నాడు పెద్దాయన. జనం నా వైపు చూసిన చూపు రాయను.

నా బండి మరుగుదొడ్ల గోడ పక్కన దొరికింది, మూడు బుల్లెట్ల వెనక. నేను పెట్టిన చోటుకీ దానికీ మధ్య స్టాండంతా ఉంది. 26 నంబరే. హమ్మయ్య అనుకుని అందరి ఎదుటా డిక్కీ తెరిచాను. ఎండిపోయిన నిమ్మకాయ ఒకటి, మా అబ్బాయి క్రికెట్ గ్లవ్ ఒకటి. రెయిన్‌కోటు లేదు, బనియను లేదు.

స్టాండతను టార్చి డిక్కీలోంచి మెల్లగా నా మొహం మీదికి తెచ్చాడు. "ఇది కూడా మీది కాదేమో మేడమ్. ఆర్సీ ఉంటే చూపీండి."

ఫోన్లో రెండు శాతం ఛార్జింగ్ ఉంది. మా ఆయనకి చేసి, మన బండి నంబరు తొందరగా చెప్పండి అన్నాను.

"ఏ బండి?" అన్నాడు.